‘పి’లో పెడితే చాలదు.. హ్యాండ్‌బ్రేకు వేయాల్సిందే!

* ఆటోమేటిక్‌ కార్ల నిలుపుదలలో కొరవడుతున్న అవగాహన
* వరుస తప్పితే గేర్‌బాక్సుపై భారం
* ఇళ్ల ముందు ర్యాంపులు, ఘాట్‌ రోడ్లలో ముప్పు

తుమ్మపాల (అనకాపల్లి): చెరకు బండిని మిట్ట మీద నిలిపినప్పుడు ఎడ్లను విప్పకముందే చక్రం కింద రాయి పెట్టడం ఈ ప్రాంత రైతులకు తరతరాలుగా తెలిసిన జాగ్రత్త. తుమ్మపాల సహకార చక్కెర కర్మాగారంలో గానుగ ఆడిన కాలంలో బళ్లు బారులు తీరినప్పుడూ ఆ రాయే బండికి బ్రేకు. రాయి లేకపోతే బండి బరువంతా కాడి మీదుగా ఎడ్ల మెడపై పడుతుంది. ఎడ్లు ఒక్క అడుగు వెనక్కి వేస్తే వెనుకనున్న వారికి ప్రమాదం.

నేడు అనకాపల్లి నుంచి తుమ్మపాల మీదుగా చోడవరం వైపు సాగే రహదారిలో ఆటోమేటిక్‌ గేరు కార్లు తరచుగా కనిపిస్తున్నాయి. క్లచ్‌ తొక్కే పని లేదు, గేర్లు మార్చే శ్రమ లేదు. ఈ సౌలభ్యం చూసి పెద్ద వయసు వారు, మహిళలు, కొత్తగా కారు నేర్చుకునేవారు వీటివైపు మొగ్గు చూపుతున్నారు. అయితే ఎడ్లబండికి రాయి చేసే పనిని కారులో చేసే హ్యాండ్‌బ్రేకును మాత్రం పలువురు మరచిపోతున్నారు. లివరును ‘పి’లోకి నెట్టి, ఇంజిను ఆపి, తాళం తీసుకుని దిగిపోతే సరిపోతుందన్న అపోహే ఇందుకు కారణం. ఈ అలవాటు గేర్‌బాక్సుకు చేటు. కొన్ని సందర్భాల్లో ప్రాణాలకూ ముప్పే.

అపోహ ఎక్కడిది?

డ్రైవింగ్‌ స్కూళ్లలో అధికంగా మాన్యువల్‌ గేరు కార్ల పైనే శిక్షణ ఇస్తారు. అక్కడ కారు నిలిపిన వెంటనే హ్యాండ్‌బ్రేకు లాగడం, గేరు వేసి దిగడం నేర్పుతారు. ఆటోమేటిక్‌ కారు చేతికి వచ్చాక ‘పి’ అన్న అక్షరం కనిపిస్తుంది. అది ‘పార్కింగ్‌’కు సంకేతం కనుక కారును నిలిపి ఉంచే పనంతా అదే చూసుకుంటుందని చోదకులు భావిస్తారు. చదునైన నేల మీద కారు కదలదు కాబట్టి ఆ నమ్మకం మరింత బలపడుతుంది. లోపం బయటపడేది మిట్ట పల్లాల్లోనే.

‘పి’లో పెడితే లోపల జరిగేదేమిటి?

ఆటోమేటిక్‌ గేర్‌బాక్సు నుంచి చక్రాలకు శక్తిని చేరవేసే ఇరుసు మీద పళ్లు కలిగిన ఒక చక్రం ఉంటుంది. లివరును ‘పి’లోకి మార్చగానే చిన్న ఇనుప కొక్కెం ఒకటి ఆ పళ్ల సందులోకి దిగుతుంది. దాంతో ఇరుసు తిరగడం ఆగి, దానికి అనుసంధానమైన చక్రాలు కదలకుండా ఉంటాయి. ఇది బ్రేకు కాదు, గడియ మాత్రమే. తలుపు మూసి గడియ వేయడం వేరు, ఆ తలుపును రోజంతా ఒకరు బలంగా నెడుతుంటే గడియ ఒక్కటే ఆపడం వేరు.

ఎంత భారం పడుతుందో లెక్క చూస్తే విషయం అర్థమవుతుంది. వెయ్యి కిలోల కారును పది మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు పెరిగే ఏటవాలులో నిలిపితే, దానిని కిందికి లాగే బలం దాదాపు వంద కిలోల బరువుతో సమానం. వాలు రెట్టింపైతే ఆ బలం రెండు వందల కిలోలకు చేరుతుంది. హ్యాండ్‌బ్రేకు వేయకపోతే ఇదంతా ఆ చిన్న కొక్కెం మీదనే ఆధారపడుతుంది. వెనుక నుంచి మరో వాహనం తగిలితే కొక్కెం విరిగిపోయే అవకాశమూ లేకపోలేదు.

మిట్ట మీద నిలిపిన కారును తిరిగి తీసేటప్పుడు ‘పి’ నుంచి లివరు కదలడానికి మొరాయించి, ‘టక్‌’మని గట్టి శబ్దం రావడం చాలామందికి అనుభవమే. పళ్ల మధ్య బిగుసుకుపోయిన కొక్కెం బలవంతంగా ఊడివస్తున్న చప్పుడది. కారు బరువు అంతసేపూ గేర్‌బాక్సు మీద ఉన్నదనడానికి అదే నిదర్శనం. రాయి పెట్టని బండికి ఎడ్ల మెడ నొచ్చినట్లే ఇదీ.

నిలిపేటప్పుడు పాటించవలసిన వరుస

హ్యాండ్‌బ్రేకు వేయడం ఎంత ముఖ్యమో, ఏ వరుసలో వేస్తున్నామన్నదీ అంతే ముఖ్యం. ముందు ‘పి’లో పెట్టి, పాదం తీసి, ఆ తర్వాత హ్యాండ్‌బ్రేకు లాగితే ప్రయోజనం స్వల్పం. పాదం తీసిన క్షణంలోనే కారు అంగుళమో రెండంగుళాలో జరిగి కొక్కెం మీద వాలిపోతుంది. తర్వాత వేసిన బ్రేకుకు పట్టుకోవడానికి భారం మిగలదు. సరైన పద్ధతి ఇది.

1. కాలి బ్రేకును పూర్తిగా తొక్కి కారును ఆపాలి. చక్రాలు పూర్తిగా నిలిచే వరకు లివరు ముట్టుకోరాదు.

2. పాదం బ్రేకు మీదనే ఉంచి లివరును ‘ఎన్‌’ (న్యూట్రల్‌)లోకి మార్చాలి.

3. హ్యాండ్‌బ్రేకును గట్టిగా వేయాలి.

4. పాదాన్ని నెమ్మదిగా సడలించాలి. కారు కొద్దిగా కదిలి హ్యాండ్‌బ్రేకు మీద కుదురుకుంటుంది. జారుతున్నట్లు అనిపిస్తే వెంటనే కాలి బ్రేకు తొక్కి హ్యాండ్‌బ్రేకును మరింత బిగించాలి.

5. కారు కుదురుకున్నాక మళ్లీ కాలి బ్రేకు తొక్కి లివరును ‘పి’లోకి మార్చాలి.

6. ఇంజిను ఆపి, డ్యాష్‌బోర్డుపై ‘పి’ సూచిక, బ్రేకు సూచిక దీపం చూసి నిర్ధారించుకున్నాకే దిగాలి.

చదివేందుకు ఆరు మెట్లుగా కనిపించినా అలవాటైతే దీనికి పట్టేది నాలుగైదు సెకన్లే. ఈ వరుసలో కారు బరువును బ్రేకు మోస్తుంది, ‘పి’ కొక్కెం రెండో రక్షణగా నిలుస్తుంది. ఒకటి విఫలమైనా మరొకటి ఆదుకుంటుంది.

బయలుదేరేటప్పుడు

తీసేటప్పుడు వరుస తిరగబడుతుంది. కాలి బ్రేకు తొక్కి ఇంజిను స్టార్టు చేయాలి. హ్యాండ్‌బ్రేకు ఇంకా బిగించి ఉండగానే లివరును ‘పి’ నుంచి ‘డి’ లేదా ‘ఆర్‌’లోకి మార్చాలి. ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేకు దించి, పాదం సడలించాలి. ముందుగానే హ్యాండ్‌బ్రేకు దించి, కాలి బ్రేకు సరిగా తొక్కకపోతే బరువంతా తిరిగి కొక్కెం మీదకే చేరుతుంది.

హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించకుండా కిలోమీటర్ల దూరం నడిపేవారూ ఉన్నారు. ఆటోమేటిక్‌ కారులో ఇంజిను ఆగిపోదు కనుక పొరపాటు వెంటనే తెలియదు. వెనుక చక్రాల బ్రేకు లైనర్లు వేడెక్కి మాడిన వాసన వస్తుంది. మైలేజీ తగ్గుతుంది, డ్రమ్ములు దెబ్బతింటాయి. డ్యాష్‌బోర్డుపై ఎర్ర దీపం ఆరిందో లేదో చూసుకోవడం తప్పనిసరి.

అన్ని ఆటోమేటిక్‌లలో ‘పి’ ఉండదు

మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో ప్రవేశించిన ఏఎంటీ (ఆటోమేటెడ్‌ మాన్యువల్‌) విధానం తక్కువ ధర కారణంగా త్వరగా వ్యాపించింది. మారుతి సంస్థ దీనిని ‘ఏజీఎస్‌’ పేరుతో పిలుస్తోంది. ఇతర సంస్థల చిన్న కార్లలోనూ ఈ విధానం ఉంది. దీనిలో గేర్‌బాక్సు మామూలు మాన్యువల్‌దే. క్లచ్‌ తొక్కే పనిని, గేరు మార్చే పనిని యంత్రమే చేస్తుంది. ఈ తరహా కార్లలో సాధారణంగా ‘పి’ స్థానం ఉండదు. లివరుపై ‘ఆర్‌’, ‘ఎన్‌’, ‘డి’, కొన్నింటిలో ‘ఎం’ మాత్రమే కనిపిస్తాయి.

ఇటువంటి కారును ‘ఎన్‌’లో వదిలి దిగితే దానిని ఆపేది కేవలం హ్యాండ్‌బ్రేకే. అది కూడా మరిచిపోతే కారుకు ఏ ఆధారమూ ఉండదు. కనుక హ్యాండ్‌బ్రేకు వేసి, కాలి బ్రేకు మీద పాదం ఉంచి, లివరును గేరులో పెట్టి ఇంజిను ఆపాలి. ముఖం ఎత్తువైపు ఉంటే ముందుకు నడిచే గేరు, పల్లంవైపు ఉంటే ‘ఆర్‌’ ఎంచుకోవడం పాత పద్ధతి. మోడల్‌ను బట్టి స్వల్ప భేదాలు ఉంటాయి కాబట్టి కారుతో వచ్చిన పుస్తకంలోని సూచనను ఒకసారి చదువుకోవడం ఉత్తమం.

విద్యుత్తు కార్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పెట్రోలు, డీజిలు కారును గేరులో ఉంచితే ఆగి ఉన్న ఇంజిను బిగువు కొంత వరకు చక్రాలను పట్టి ఉంచుతుంది. విద్యుత్తు మోటారుకు ఆ బిగువు లేదు. వాటిలో ‘పి’ తాళం, పార్కింగ్‌ బ్రేకు మాత్రమే ఆధారం.

లివరు పోయి బటన్‌ వచ్చింది

ఇటీవలి కార్లలో చేతి లివరు స్థానంలో వృత్తంలో ‘పి’ అక్షరం గల చిన్న మీట ఉంటోంది. ఇది ఎలక్ట్రానిక్‌ పార్కింగ్‌ బ్రేకు. సాధారణంగా మీటను పైకి లాగితే వెనుక చక్రాల వద్దనున్న చిన్న మోటార్లు బ్రేకును బిగిస్తాయి. కాలి బ్రేకు తొక్కి మీటను కిందికి నొక్కితే వదులుతాయి. కొన్ని మోడళ్లలో ఇంజిను ఆపగానే, లేదా ‘పి’లో పెట్టగానే బ్రేకు దానంతటదే పడుతుంది. అయినా దీపం వెలిగిందో లేదో చూడకుండా దిగరాదు.

దీనితోపాటు వచ్చే ‘ఆటో హోల్డ్‌’ను పార్కింగ్‌ బ్రేకుగా పొరబడటం మరో తప్పిదం. సిగ్నళ్ల వద్ద, రైల్వే గేట్ల వద్ద పాదం తీసినా కారు కదలకుండా కొద్దిసేపు పట్టి ఉంచడానికే అది ఉద్దేశించింది. కారు దిగి వెళ్లడానికి కాదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఎలక్ట్రానిక్‌ బ్రేకు ఉన్న స్థితిలోనే ఉండిపోతుంది. అప్పుడు బలవంతంగా కారును లాగకుండా మరో బ్యాటరీ సాయంతో విద్యుత్తు అందించి బ్రేకు వదిలించాలి. ఈ బ్రేకు గల కార్లకు వెనుక ప్యాడ్లు మార్చేటప్పుడు మోటార్లను ప్రత్యేక స్థితిలోకి తేవాలి. ఆ విషయం తెలిసిన మెకానిక్కు చేతనే చేయించాలి.

పాడేరు ఘాట్‌లో ఆగితే..

తుమ్మపాల నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు మోదకొండమ్మ దర్శనానికి, అరకు, లంబసింగి విహారానికి వెళ్లేవారు ఘాట్‌ రోడ్డులో కారు నిలపక తప్పదు. అక్కడ హ్యాండ్‌బ్రేకు, ‘పి’తో పాటు మూడో జాగ్రత్త కూడా అవసరం. అదే ముందు చక్రాల తిప్పుడు.

రహదారి పక్కన కాలిబాట గట్టు ఉన్నచోట, కారు ముఖం పల్లంవైపు ఉంటే స్టీరింగును ఎడమకు, అంటే గట్టువైపు తిప్పాలి. ఎత్తువైపు ఉంటే కుడికి తిప్పాలి. కారు జారినా చక్రం గట్టుకు తగిలి ఆగుతుంది. గట్టు లేని మామూలు రహదారిలో జారిన కారు నడి రోడ్డు మీదకు రాకుండా అంచువైపు పోయేలా తిప్పడం నియమం. కానీ ఘాట్‌ రోడ్డులో అంచు పక్కన లోయ ఉండవచ్చు. అక్కడ ఈ నియమాన్ని గుడ్డిగా పాటించరాదు. సాధ్యమైనంత వరకు కొండవైపునే, మలుపు లేని వెడల్పాటి చోట ఆపి, కారు జారితే కొండనే ఆనుకునేలా చక్రాలు తిప్పాలి. ఆపై చక్రం కింద పల్లంవైపున చెక్క దిమ్మె గానీ రాయి గానీ పెట్టాలి. బయలుదేరేటప్పుడు ఆ రాయిని తీసి పక్కన పడేయడం మరవరాదు. రోడ్డు మీద వదిలేసిన రాయి రాత్రివేళ ద్విచక్ర వాహనదారుల పాలిట మృత్యువవుతుంది.

ఘాట్‌ దిగిన వెంటనే బ్రేకులు బాగా వేడెక్కి ఉంటాయి. వెనుక డిస్కు బ్రేకులు గల కార్లలో అవి చల్లబడే కొద్దీ కొద్దిగా కుంచించుకుని హ్యాండ్‌బ్రేకు పట్టు సడలే అవకాశం ఉంది. ఏటవాలులో నిలిపి ఉంటే కొద్ది నిమిషాల తర్వాత ఒకసారి బిగువు సరిచూసుకోవాలి.

ఇంటి ముందే పొంచి ఉన్న ముప్పు

ప్రమాదం ఘాట్‌ రోడ్డులోనే ఉందనుకోవడం పొరపాటు. రోడ్ల ఎత్తు పెరుగుతున్న కొద్దీ గ్రామాల్లో ఇళ్లను మరింత ఎత్తులో కట్టుకుంటున్నారు. గేటు ముందు నిటారు ర్యాంపులు సాధారణమయ్యాయి. కారును సగం ర్యాంపు మీద ఆపి, ఇంజిను నడుస్తుండగానే గేటు తీయడానికి దిగడం నిత్యం కనిపించే దృశ్యం. లివరు ‘పి’లో పడకుండా ఉండిపోతే దిగిన వ్యక్తి కారుకు, గేటుకు మధ్య చిక్కుకునే ప్రమాదం ఉంది. ‘డి’లో ఉండగా పాదం తీస్తే యాక్సిలరేటరు తొక్కకపోయినా ఆటోమేటిక్‌ కారు నెమ్మదిగా పాకుతుందన్న విషయం సైతం మరువరాదు.

పది మీటర్లకు ఒక మీటరు వాలు గల ర్యాంపు మీద వదులైన కారు ఐదు సెకన్లలో సుమారు పది మీటర్లు దొర్లుతుంది. అప్పటికి దాని వేగం గంటకు 15 కిలోమీటర్ల వరకు ఉంటుంది. వీధిలో ఆడుకునే పసివారు, అరుగు మీద కూర్చున్న వృద్ధులు తప్పుకునేందుకు ఆ సమయం చాలదు. జారుతున్న కారును వెనుక నిలబడి చేతులతో ఆపబోవడం, పరుగెత్తి తలుపు తీసి ఎక్కబోవడం ప్రాణాంతకం. కేకలు వేసి ఎదురుగా ఉన్నవారిని తప్పించడమే చేయదగింది. పిల్లలను ఒంటరిగా కారులో వదలరాదు. తాళం వారికి అందుబాటులో ఉంచరాదు.

అమెరికా నేర్పిన పాఠం

ఈ సమస్య మన ఊళ్లకే పరిమితం కాదు. అమెరికాలో ‘పి’లో పెట్టామనుకున్న వాహనాలు వెనక్కి జారిన ఘటనలపై పెద్దయెత్తున ఫిర్యాదులు వచ్చాయి. దీంతో 1980లో అక్కడి రవాణా శాఖతో కుదిరిన ఒప్పందం మేరకు ఫోర్డు సంస్థ దాదాపు 2.3 కోట్ల వాహనాల యజమానులకు హెచ్చరిక స్టిక్కర్లు పంపింది. లివరు ‘పి’లో పడిందో లేదో చూసుకోండి, పార్కింగ్‌ బ్రేకు పూర్తిగా వేయండి, ఇంజిను ఆపండి అన్నదే వాటి సారాంశం.

మూడున్నర దశాబ్దాల తర్వాతా అదే పాఠం పునరావృతమైంది. నెట్టిన ప్రతిసారీ తిరిగి మధ్యకే వచ్చే కొత్త తరహా లివరు వల్ల, గేరు ఎక్కడ ఉందో తెలియక చోదకులు దిగిపోతున్నారని తేలడంతో 2016 ఏప్రిల్‌లో ఫియట్‌ క్రైస్లర్‌ సంస్థ ప్రపంచవ్యాప్తంగా సుమారు 11 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. ఆ ఏడాది జూన్‌ 19న హాలీవుడ్‌ యువ నటుడు ఆంటన్‌ యెల్చిన్‌ లాస్‌ ఏంజెలెస్‌లోని తన ఇంటి ముందే మరణించారు. వెనక్కి పిలిచిన తరహాకు చెందిన ఆయన జీపు ఏటవాలు దారిలో వెనక్కి దొర్లి, ఇటుక స్తంభానికి అదిమివేసింది. ఆయన వయసు అప్పటికి 27 ఏళ్లు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 126వ సెక్షన్‌ ప్రకారం, లైసెన్సు గల వ్యక్తి డ్రైవరు సీటులో లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనాన్ని నిలపాలంటే ఇంజిను ఆపి, బ్రేకు వేసి, లేదా వాహనం ప్రమాదవశాత్తు కదలకుండా తగిన చర్యలు తీసుకుని ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని 96వ నిబంధన కాలి బ్రేకు, పార్కింగ్‌ బ్రేకు రెండూ వేర్వేరుగా సమర్థంగా పని చేయాలని నిర్దేశిస్తోంది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం నిండు బరువుతో ఉన్న కారును ఐదు మీటర్లకు ఒక మీటరు ఎత్తు గల వాలులో సైతం పార్కింగ్‌ బ్రేకు నిలిపి ఉంచగలగాలి.

పరీక్షించుకోవడం ఇలా

హ్యాండ్‌బ్రేకు తీగ కాలక్రమంలో సాగుతుంది. లైనర్లు అరుగుతాయి. జన సంచారం లేని స్వల్ప ఏటవాలులో కారు ఆపి, ‘ఎన్‌’లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, కాలి బ్రేకును మెల్లగా వదిలి చూడాలి. పాదం దగ్గరలోనే సిద్ధంగా ఉంచుకోవాలి. కారు జారితే తీగ బిగింపించుకోవాల్సిందే. లివరు లాగేటప్పుడు ఎన్ని ‘టిక్కు’లు రావాలో కారు పుస్తకంలో ఉంటుంది. అంతకు మించి పైకి వస్తున్నా మెకానిక్కుకు చూపించాలి.

సముద్ర తీరానికి దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. వానలో తడిసిన కారును హ్యాండ్‌బ్రేకు వేసి వారాల తరబడి వదిలేస్తే లైనర్లు డ్రమ్ములకు అతుక్కుపోయే ప్రమాదం ఉంది. ఎక్కువ రోజులు కదపని కారును చదునైన చోట ‘పి’లో, ‘పి’ లేనివాటిని గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టి హ్యాండ్‌బ్రేకు దించి ఉంచడం మేలు. ఈ మినహాయింపు చదును నేలకే వర్తిస్తుంది. ఏటవాలులో వర్తించదు.

గుర్తుంచుకోండి

* కారు పూర్తిగా ఆగకుండా ‘పి’లోకి నెట్టరాదు.
* ముందు హ్యాండ్‌బ్రేకు, ఆ తర్వాతే ‘పి’.
* తీసేటప్పుడు ముందు ‘పి’ నుంచి మార్చి, ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేకు దించాలి.
* ఏఎంటీ కారును ‘ఎన్‌’లో వదిలి వెళ్లరాదు.
* గేటు తీయడానికి దిగినా సరే ఇంజిను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేయాలి.
* నడుస్తుండగా కాలి బ్రేకు విఫలమైతే హ్యాండ్‌బ్రేకును ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా లాగాలి. ఎలక్ట్రానిక్‌ మీటనైతే కారు ఆగే వరకు లాగి పట్టుకోవాలి.

నూకాంబిక అమ్మవారి జాతరకో, బొజ్జన్నకొండకో బంధువులతో వెళ్లినప్పుడు దిగే తొందరలో ఈ చిన్న పని మరుగునపడటం సహజం. డ్రైవరు పక్కన కూర్చున్నవారు ‘హ్యాండ్‌బ్రేకు వేశారా?’ అని ఒక్క మాట అడిగితే చాలు. ఎడ్లు విప్పకముందే రాయి పెట్టిన పెద్దల జాగ్రత్తను కారు తాళం చేతబట్టిన నేటి తరమూ పాటించవలసి ఉంది.